ఆర్‌సీ కారుకు హెక్స్ డ్రైవర్లు ఎంచుకోవడం ఎలా? పిడి కాదు, టిప్ చూడండి

ఆర్‌సీ కార్ల, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కార్ల, పని మొదలుపెట్టిన కొత్తలో నా ధ్యాసంతా మోటారు, బ్యాటరీ, టైర్ల మీదే ఉండేది. స్క్రూలు విప్పే సామాను గురించి ఆలోచించనే లేదు, కారు పెట్టెలో వచ్చిన ఎల్ ఆకారపు అలెన్ కీలతోనే చాలాకాలం నెట్టుకొచ్చాను. ఒకరోజు పినియన్ గేర్, అంటే మోటారు మీద ఉండే చిన్న పళ్ల చక్రం, మార్చాల్సి వచ్చింది. దాన్ని మోటారు షాఫ్ట్‌కి పట్టి ఉంచేది గ్రబ్ స్క్రూ అనే తల లేని ఒక చిన్న స్క్రూ, దానికి 1.5 ఎంఎం కీ పడుతుంది. కీ పెట్టి తిప్పితే మెత్తగా కదిలినట్టు అనిపించింది, ఊడుతోంది కాబోలని ఇంకాస్త తిప్పాను. ఊడింది స్క్రూ కాదు, దాని లోపలి మూలలు. ఆరు పలకల గుంట కాస్తా గుండ్రంగా అయిపోయింది. చివరికి పినియన్‌ని కోసి తీయాల్సి వచ్చింది, కోస్తుంటే డిస్క్ మోటారు షాఫ్ట్‌కి తగిలి గీత పడింది, తర్వాత ఏ పినియన్ పెట్టినా ఆ షాఫ్ట్ మీద తిన్నగా కూర్చోలేదు. కీ చివర గోరంత ఇనుము అరిగినందుకు మంచి మోటారు పోయింది.

అందుకే కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లెవరైనా ముందు ఏం కొనాలని అడిగితే, నాలుగు మంచి హెక్స్ డ్రైవర్లు, అంటే పిడి ఉన్న అలెన్ కీలు, కొనమని చెబుతాను. అయితే మంచివంటే ఏవి? పిడి రంగు, పెట్టె అందం చూసి చెప్పలేం. చూడాల్సింది టిప్, అంటే చివరి 10 ఎంఎం ఇనుమే.

ముందు సైజులు

ఇప్పుడొచ్చే కార్లలో ఎక్కువ శాతం మెట్రిక్ స్క్రూలే. 1.5, 2.0, 2.5, 3.0 ఎంఎం డ్రైవర్లు ఉంటే దాదాపు పనంతా అయిపోతుంది. చాలామంది తికమకపడేది ఎక్కడంటే, స్క్రూ సైజు వేరు, దాని తలలో పట్టే డ్రైవర్ సైజు వేరు. పైగా ఒకే ఎం3 (అంటే మర మందం 3 ఎంఎం ఉన్న) స్క్రూకి కూడా తల ఆకారాన్ని బట్టి డ్రైవర్ మారిపోతుంది. చిన్న డబ్బాలా నిలువుగా ఉండే క్యాప్ హెడ్ ఎం3 అయితే 2.5 పడుతుంది. బొత్తాంలా ఉబ్బెత్తుగా ఉండే బటన్ హెడ్ ఎం3 కైనా, పైభాగంతో సమంగా లోపలికి దిగిపోయే కౌంటర్‌సంక్ ఎం3 కైనా 2.0 పడుతుంది. తలే లేని గ్రబ్ స్క్రూ ఎం3 అయితే 1.5. ఎం4 కి వచ్చేసరికి అదే వరసలో 3.0, 2.5, 2.0 అవుతాయి.

ఈ వరస గుర్తుంటే ఏ స్క్రూలు ముందు పాడవుతాయో కూడా అర్థమైపోతుంది. ఒకే మందం ఉన్న స్క్రూని క్యాప్ హెడ్‌లో 2.5 తో తిప్పుతున్నాం, గ్రబ్ స్క్రూలో 1.5 తో తిప్పుతున్నాం. మెలిని తట్టుకునే శక్తి కడ్డీ మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే 2.0 కడ్డీ 1.5 కడ్డీ కన్నా రెండింతలకు పైగా బలమైనది. అంత తేడా ఉంది. కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోతే ముందు 1.5 మీద పెట్టండి, తర్వాత రోజూ చేతిలో ఉండే 2.0, 2.5 మీద. 3.0 మామూలుది తీసుకున్నా చాలాకాలం వస్తుంది.

పాత కార్లు, అమెరికాలో తయారైన కొన్ని పాత కిట్‌లు అయితే ఇంచుల సైజుల్లో ఉంటాయి: 0.050, 1/16, 5/64, 3/32 ఇంచు. మెట్రిక్ డ్రైవర్‌తో ఇంచు స్క్రూని, ఇంచు డ్రైవర్‌తో మెట్రిక్ స్క్రూని తిప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, ఎందుకంటే కొన్ని దిగుతాయి. 5/64 ఇంచు అంటే 1.98 ఎంఎం, అది 2.0 గుంటలో పర్వాలేదు, పనిచేస్తుంది. కానీ 3/32 అంటే 2.38 ఎంఎం. అది 2.5 గుంటలోకి చక్కగా దిగుతుంది, బాగానే పట్టినట్టూ అనిపిస్తుంది, గట్టిగా తిప్పిన రోజు స్క్రూ తల పోతుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొంటే అందులో రెండు రకాల స్క్రూలూ కలిసిపోయి ఉండొచ్చు, ముందున్నవాళ్లు దొరికింది దొరికినట్టు బిగించి ఉంటారు. డ్రైవర్ పెట్టగానే వదులుగా కదిలితే తిప్పకండి, ఆగి రెండో రకం సైజు పెట్టి చూడండి.

జపాన్ సంస్థ టామియా చేసే కారు కిట్‌ల గురించి ఒక్క మాట. వాటిలో చాలా స్క్రూలు ప్లస్ ఆకారపు తలలతో ఉంటాయి, అవి జపాన్ ప్రమాణం జేఐఎస్ ప్రకారం చేసినవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌తో తిప్పితే జారి తల పాడవుతుంది. వాటికి జేఐఎస్ స్క్రూడ్రైవర్ వేరేగా కావాలి, హెక్స్ డ్రైవర్లు ఎంత మంచివి కొన్నా ఆ పని చేయవు.

తల ఎందుకు పోతుంది

ఇది అర్థమైతే ఏ డ్రైవర్ మంచిదో ఎవరినీ అడగక్కర్లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

టిప్ గుంటలోకి దిగాలంటే రెండింటి మధ్య కొంచెం సందు ఉండాలి. ఆ సందు వల్ల డ్రైవర్ తిప్పగానే ముందు కొద్దిగా ఊరికే తిరిగి, ఆ తర్వాతే గుంట గోడల్ని పట్టుకుంటుంది. అలా పట్టుకునేది పలక మొత్తం కాదు, ఆ పలక చివర ఉన్న అంచు మాత్రమే. అంటే మీ చేతి బలమంతా ఆరు సన్నటి గీతల మీద పడుతోంది. సందు ఎంత ఎక్కువైతే టిప్ అంత ఎక్కువ తిరిగి, గుంట మూలకి దూరంగా, పలక మధ్యకి దగ్గరగా ఆనుతుంది. అక్కడ ఆనినప్పుడు మీరు పెట్టే బలంలో స్క్రూని తిప్పేది తగ్గి, గుంటను బయటికి నెట్టి వెడల్పు చేసేది పెరుగుతుంది. ఒకసారి అలా వెడల్పయితే సందు ఇంకా పెరుగుతుంది, రెండోసారి మరింత తేలిగ్గా పాడవుతుంది.

అంకెల్లో చూద్దాం. మూలలు పదునుగా ఉన్నాయనుకుంటే, 2.02 ఎంఎం గుంటలో సరిగ్గా 2.00 ఎంఎం టిప్ పెడితే పట్టుకునే ముందు ఊరికే తిరిగేది సుమారు 1 డిగ్రీ. 2.06 గుంటలో 1.96 టిప్ పెడితే అది 5 డిగ్రీలు దాటుతుంది. అదే టిప్ 1.90 కి అరిగితే దాదాపు 10 డిగ్రీలు. వెంట్రుకంత తేడా అని మనం కొట్టిపారేసేది ఇలా పదింతలవుతుంది. ఇందాక చెప్పిన 3/32 టిప్ 2.5 గుంటలో 5 డిగ్రీలకు పైగా తిరుగుతుంది, అంటే కొత్తగా పెట్టెలోంచి తీసినా అరిగిపోయిన డ్రైవర్‌తో సమానం.

కాబట్టి మంచి డ్రైవర్‌కి మొదటి లక్షణం కచ్చితమైన కొలత, రెండోది ఆ కొలతను చాలాకాలం నిలబెట్టుకునే ఉక్కు. కొత్తది కొన్నప్పుడు మందం కొలిచే డిజిటల్ క్యాలిపర్‌తో పలక నుంచి ఎదురు పలకకి కొలవండి, మూడు జతలనీ కొలవండి. 2.0 డ్రైవర్ 1.98 కీ 2.00 కీ మధ్య ఉంటే బాగున్నట్టు. మూడు జతల మధ్య తేడా 0.01 దాటితే నాకు నచ్చదు, ఎందుకంటే అప్పుడు ఆరు అంచులు పంచుకోవాల్సిన బరువు రెండు మూడు అంచుల మీదే పడుతుంది. మూల నుంచి ఎదురు మూలకి కూడా కొలిచి, ఆ అంకెని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. 2.0 టిప్‌కి లెక్క ప్రకారం అది 2.31 రావాలి కానీ తయారీలో మూలల్ని కొంచెం మొద్దు చేస్తారు కాబట్టి తక్కువే వస్తుంది. ఆ అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఎంత తగ్గిందన్నదే ముఖ్యం. అరుగుదల ముందు మూలల్లోనే మొదలవుతుంది, పలకల కొలతలో అది ఆలస్యంగా బయటపడుతుంది.

క్యాలిపర్ లేకపోతే ఒక కొత్త ఎం3 క్యాప్ హెడ్ స్క్రూని దగ్గర పెట్టుకోండి. 2.5 డ్రైవర్‌ని అందులో పెట్టి స్క్రూని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపితే టిక్‌టిక్‌మని ఆట ఎంతుందో చేతికే తెలిసిపోతుంది. రెండు డ్రైవర్లు పక్కపక్కన పెట్టి ఇలా చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

టిప్ చివర ఎలా కోశారో కూడా చూడండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎం3 క్యాప్ హెడ్‌లో గుంట లోతు సుమారు 1.3 ఎంఎం, బటన్ హెడ్‌లో సుమారు 1 ఎంఎం మాత్రమే. గుంటలోకి తేలిగ్గా దిగాలని కొందరు తయారీదారులు టిప్ చివర అంచుని బాగా వాలుగా చెక్కుతారు. ఆ వాలు 0.3 ఎంఎం ఉందనుకోండి, బటన్ హెడ్‌లో మీకు దొరికే పట్టులో మూడో వంతు పోయినట్టే. చివర తిన్నగా, పలకగా కోసి ఉన్న టిప్‌లే తీసుకోండి.

ఉక్కు

ప్యాకెట్ల మీద ఎక్కువగా కనిపించే పేర్లు మూడు: క్రోమ్ వెనేడియం, ఎస్2, హెచ్‌ఎస్‌ఎస్.

క్రోమ్ వెనేడియం ఉక్కు చెడ్డదేం కాదు, స్పానర్లకీ సాకెట్లకీ చాలా బాగా పనికొస్తుంది. కానీ 1.5, 2.0 లాంటి సన్నటి టిప్‌లకి అది కాస్త మెత్తన, అంచులు త్వరగా మొద్దుబారతాయి. ఎస్2 అనేది దెబ్బలు తట్టుకోవడానికి తయారుచేసిన టూల్ స్టీల్ రకం, అందులోని ఎస్ అక్షరం షాక్ అన్న మాటకి గుర్తు. సరిగ్గా వేడి చేసి చల్లార్చితే ఇది రాక్‌వెల్ సి స్కేలులో 58 నుంచి 62 దాకా గట్టిదనం ఇస్తుంది. మన కార్లలో వాడే గట్టి నల్ల స్క్రూలు, అంటే 12.9 తరగతివి, అదే స్కేలులో 39 నుంచి 44 మధ్య ఉంటాయి. ఈ దూరం ఉండాలి. టిప్ స్క్రూ కన్నా బాగా గట్టిగా ఉంటేనే దాని అంచు నిలబడుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ అంటే డ్రిల్ బిట్‌లు చేసే హై స్పీడ్ స్టీల్, అది ఇంకా తక్కువ అరుగుతుంది, కానీ పక్కకి వంచితే టప్‌మని విరుగుతుంది.

ఎక్కువ గట్టిగా ఉంటే మంచిదేగా అనిపిస్తుంది. అలా కాదు. గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుదనం కూడా వస్తుంది. మెత్తటి టిప్ మెలి తిరుగుతుంది, మరీ గట్టి టిప్ మూల దగ్గర పెచ్చు ఊడుతుంది లేదా గుంట లోపలే విరిగి ఇరుక్కుంటుంది, అప్పుడు దాన్ని తీయడం స్క్రూ తీయడం కన్నా కష్టం. చేత్తో తిప్పే డ్రైవర్‌కి మంచి ఎస్2 సరైన మధ్యేమార్గం అని నా నమ్మకం. 1.5 కి మాత్రం హెచ్‌ఎస్‌ఎస్ దొరికితే తీసుకుంటాను, కానీ దాన్ని నిలువుగా తప్ప వాడను.

ఎస్2 అని ముద్ర వేసిన ప్రతిదీ ఒకేలా ఉండదన్నది గుర్తుంచుకోండి. ఉక్కు పేరు కన్నా దాన్ని ఎలా వేడి చేసి చల్లార్చారన్నది ముఖ్యం, అది ప్యాకెట్ మీద రాయరు. అందుకే పేరు నిలబెట్టుకున్న తయారీదారుల వైపు మొగ్గడంలో అర్థం ఉంది. ఆర్‌సీ వాళ్లలో ఎక్కువగా వినిపించే పేర్లు అమెరికాకు చెందిన ఎంఐపీ, స్లొవేకియాకు చెందిన హుడీ. ఎక్స్‌రే కార్లు తయారుచేసేదీ హుడీ వాళ్లే. ఈ రెండింటిలోనూ టిప్ అరిగితే టిప్ ఒక్కటే మార్చుకునే డ్రైవర్లు ఉన్నాయి. మామూలు పనిముట్ల తయారీదారుల్లో వేరా, వీహా, బాండస్, పీబీ స్విస్ పేర్లు నమ్మదగినవి. వేరా హెక్స్ ప్లస్ అని ఒక రకం చేస్తుంది, అందులో టిప్ అంచు గుంట గోడని సన్నటి గీతలా కాకుండా ఇంకొంచెం వెడల్పుగా తాకేలా ఆకారం మార్చారు. పైన చెప్పిన సమస్యకి సూటిగా ఇచ్చిన జవాబు అది.

బంగారు రంగు పూత గురించి చాలామంది అడుగుతారు. అది టైటానియం నైట్రైడ్. చాలా గట్టి పూత, రాపిడిని తగ్గిస్తుంది, తుప్పునీ కొంత ఆపుతుంది. కానీ దాని మందం కొన్ని మైక్రాన్లే. లోపలి ఉక్కు మెత్తగా ఉంటే పైన బంగారు రంగు ఉన్నా అంచు నొక్కుకుపోతుంది, గుడ్డు పెంకులాగ. పూతని అదనపు లాభంగా చూడండి, అది చూసి మాత్రం కొనకండి.

కడ్డీ, పిడి

కడ్డీ సన్నగా పొడుగ్గా ఉంటే తిప్పినప్పుడు అది స్ప్రింగులా మెలి తిరుగుతుంది, స్క్రూ ఎప్పుడు కదిలిందో చేతికి తెలియదు, ఒక్కసారిగా వదిలినప్పుడు టిప్ ఎగిరి గుంట అంచుని చెక్కేస్తుంది. అందుకే 1.5, 2.0 డ్రైవర్లలో పైన మందంగా ఉండి చివర 10, 15 ఎంఎం మాత్రమే సన్నబడే కడ్డీ మంచిది. షాక్ అబ్జార్బర్లు బిగించే షాక్ టవర్ల మధ్య, ఇరుకు చోట్ల చేరడానికి 100 నుంచి 120 ఎంఎం పొడవు సరిపోతుంది.

పిడి చేతికి ఎలా కూర్చుంటుందో మీకే తెలియాలి. నా మాటకొస్తే 1.5 కి సన్నటి పిడి, 2.5, 3.0 లకి లావు పిడి కావాలంటాను. లావు పిడి చేతిలో ఉంటే మనకు తెలియకుండానే ఎక్కువ బలం పెడతాం, సన్నటి టిప్‌కి అది మంచిది కాదు. పిడి పైన తిరిగే టోపీ ఉంటే, అరచేత్తో నొక్కిపట్టి వేళ్లతో తిప్పొచ్చు. అది చాలా సుఖం. పిడి చివర సైజు పెద్ద అంకెల్లో రాసి ఉందా, రంగు గుర్తు ఉందా చూడండి, రేసు మధ్యలో 2.0 అనుకుని 1.5 పెట్టి తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

టిప్ మార్చుకోగలిగే డ్రైవరే కొనండి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. ఎంత మంచి టిప్ అయినా ఎప్పటికో అప్పటికి అరుగుతుంది, అది బ్రేక్ ప్యాడ్ లాంటిది. పిడితో సహా మొత్తం మార్చాల్సి వస్తే మనం వాయిదా వేస్తాం, ఆ వాయిదా వేసిన నెల రోజుల్లోనే పది స్క్రూల తలలు పోతాయి. చిన్న టిప్ ఒక్కటే మార్చాలంటే వెంటనే మారుస్తాం. 20 ముక్కల పెద్ద సెట్ కన్నా విడిగా నాలుగు డ్రైవర్లు, 1.5 కీ 2.0 కీ ఒక్కో అదనపు టిప్ కొనుక్కోవడం మేలు.

బాల్ ఎండ్, మెషిన్ బిట్‌లు

చివర గుండులా ఉండే బాల్ ఎండ్ డ్రైవర్ ఇరుకు చోట నిజంగా ఆదుకుంటుంది, సుమారు 25 డిగ్రీల వాలుగా పెట్టినా తిరుగుతుంది. కానీ ఆ గుండు వెనకాల మెడ సన్నగా ఉంటుంది, పైగా అది గుంట గోడల్ని ఆరు చుక్కల దగ్గర మాత్రమే తాకుతుంది. బిగిసిన స్క్రూని కదిలించడానికీ, చివరి బిగింపుకీ దాన్ని వాడకూడదు. వదులైన స్క్రూని త్వరగా తిప్పి తీయడానికి మాత్రమే. 2.0, 2.5 లో ఒక్కో బాల్ ఎండ్ ఉంటే చాలు, 1.5 బాల్ ఎండ్ జోలికి అసలు వెళ్లకండి.

ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్‌కి పెట్టుకునే పావు ఇంచు షాంక్ ఉన్న హెక్స్ బిట్‌లు కూడా ఇప్పుడు ఆర్‌సీ పని కోసమే చేస్తున్నారు. కారు మొత్తం విప్పే రోజు మణికట్టుకి చాలా హాయి. అయితే మొదటి కదలిక, చివరి బిగింపు చేత్తోనే చేయాలి. మెషిన్ క్లచ్ అన్నిటికన్నా తక్కువ అంకె మీద పెట్టి మొదలుపెట్టండి. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూ అయితే ముందు చేత్తో వెనక్కి తిప్పండి, పాత మరలోకి అది టక్కున పడిన చోటు వేళ్లకి తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పండి. అలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోతుంది, నాలుగైదు సార్లకి ఆ ప్లాస్టిక్ భాగం పట్టు పోతుంది.

టిప్ ఎక్కువకాలం రావాలంటే

మట్టిలో తిప్పే కార్లకి ఇదే అసలు సంగతి. స్క్రూ గుంటలో గట్టిపడిన మట్టి ఉంటే టిప్ సగం లోతుకే దిగుతుంది. అప్పుడు ప్రపంచంలోకెల్లా మంచి డ్రైవర్ అయినా తల చెక్కేస్తుంది. సూది లాంటి పనిముట్టుతోనో గట్టి బ్రష్‌తోనో ముందు గుంట శుభ్రం చేయండి, టిప్ అడుగు తాకిందని చేతికి తెలిశాకే తిప్పండి. అనుమానంగా ఉంటే డ్రైవర్ వెనక చిన్న సుత్తితో ఒక్కసారి మెల్లగా తట్టండి, టిప్ కూర్చుంటుంది, ఆ అదురుకి బిగిసిన మర కూడా కొంచెం వదులవుతుంది. విప్పేటప్పుడు తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ ఉండాలి. కడ్డీ స్క్రూకి తిన్నగా ఉండాలి, కొంచెం వాలినా ఆరు అంచుల పని రెండు అంచుల మీద పడుతుంది.

లోహంలోకి వెళ్లే స్క్రూలు వదులవకుండా వాటికి నీలం థ్రెడ్‌లాక్ అనే జిగురు వేస్తాం. అది చేతి పనిముట్లతో విప్పగలిగే రకం, అయినా గ్రబ్ స్క్రూకి ఒక్క చుక్క చాలు, ఎక్కువ పోస్తే తర్వాత మీకే కష్టం. ఎర్ర రకం మన చిన్న స్క్రూలకి వద్దు, దాన్ని విప్పాలంటే 250 డిగ్రీల దాకా వేడి కావాలి. ప్లాస్టిక్‌కి ఏ రకమూ వేయకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పెళుసుబారి పగులుతాయి. థ్రెడ్‌లాక్ వేసిన స్క్రూ మొండికేస్తే బలం పెంచకండి, సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద అర నిమిషం ఆనించండి. థ్రెడ్‌లాక్ మెత్తబడుతుంది, మామూలు బలంతోనే తిరుగుతుంది. అంత చిన్న చోటుకే వేడి పెడితే మోటారు లోపలి అయస్కాంతాలకీ పక్కనున్న బేరింగ్‌కీ ఏమీ కాదు. నా మొదటి పినియన్ దగ్గర నాకు ఇదొక్కటి తెలిసి ఉంటే ఆ మోటారు ఇంకా పనిచేస్తూ ఉండేది.

గ్రబ్ స్క్రూ అసలు ఎందుకు ఇంత ఇబ్బంది పెట్టే ఆకారంలో ఉందో తెలిశాక దాని మీద కోపం తగ్గింది. పూర్వం కర్మాగారాల్లో తిరిగే షాఫ్ట్‌ల మీద స్క్రూ తలలు పైకి పొడుచుకుని ఉండేవి, పనివాళ్ల బట్టలు వాటికి చిక్కుకుని ప్రమాదాలు జరిగేవి. తల బయటికి రాకుండా లోపలే గుంట ఉండే సేఫ్టీ సెట్ స్క్రూల తయారీకి 1910లో అమెరికాలో విలియం అలెన్ పేటెంట్ పొందాడు. అలెన్ కీ అన్న పేరు అలా వచ్చిందే. మన పినియన్ మీదా అదే కారణం, తల పొడుచుకుని ఉంటే పక్కనున్న స్పర్ గేర్‌కి, అంటే పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రానికి, తగులుతుంది.

ఎప్పుడు మార్చాలి, ఎలా సాన పట్టాలి

నెలకోసారి వెలుతురులో భూతద్దం పెట్టి టిప్‌ని చివర నుంచి చూడండి. ఆరు మూలలూ స్పష్టంగా కనిపించాలి. ఒక మూల మీద తెల్లగా మెరిసే గీత కనిపిస్తే అక్కడ అరుగుదల మొదలైంది. పక్క నుంచి చూసినప్పుడు పలకలు తిన్నగా కాకుండా కొంచెం మెలి తిరిగినట్టు ఉంటే ఆ టిప్ పని అయిపోయింది, ఇంక దాంతో ఒక్క స్క్రూ కూడా తిప్పకండి. పలకల కొలత 2.0 టిప్‌లో 1.96 కన్నా తగ్గితే నేను పక్కన పెట్టేస్తాను, మిగతా సైజులకీ అదే 0.04 లెక్క.

మెలి తిరగకుండా చివర మాత్రమే అరిగిన టిప్‌ని బాగు చేసుకోవచ్చు. పనిచేసేది చివరి ఒకటిన్నర ఎంఎం మాత్రమే కదా, ఆపైన పలకలు కొత్తవాటిలాగే ఉంటాయి. కట్-ఆఫ్ డిస్క్‌తో గానీ గ్రైండర్‌తో గానీ చివర 1, 2 ఎంఎం తిన్నగా తీసేయండి. రెండు సెకన్లు ఆనించడం, నీళ్లలో ముంచడం, మళ్లీ ఆనించడం. తొందరపడితే ఉక్కు వేడెక్కి నీలం రంగుకి తిరుగుతుంది, ఆ రంగు వచ్చిన మేరకి గట్టిదనం పోయినట్టే, అంత ముక్కా మళ్లీ తీసేయాల్సి వస్తుంది. కోసిన ముఖం కడ్డీకి సరిగ్గా లంబంగా ఉండాలి. చివర్లో సన్నటి నూనె రాయి మీద అంచున మిగిలిన ముళ్లలాంటి గరుకుని ఒక్కసారి తీస్తే చాలు, వాలు చెక్కకండి. పూత ఉన్న టిప్‌లకి కూడా ఇది చేయొచ్చు, పూత పోయేది చివరి ముఖం మీదే, పక్క పలకల మీద అలాగే ఉంటుంది. బాల్ ఎండ్‌కి మాత్రం ఈ వైద్యం లేదు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పనికి కూర్చోకండి.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు ఒక తల పోతుంది. అప్పుడు అదే డ్రైవర్‌ని మళ్లీ మళ్లీ తిప్పకండి, మిగిలిన కాస్త పట్టు కూడా పోతుంది. ముందు సోల్డరింగ్ ఐరన్‌తో వేడి పెట్టండి. తర్వాత గుంటకన్నా కొంచెం పెద్దదైన, నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్‌ని సుత్తితో మెల్లగా లోపలికి కొట్టి తిప్పండి: 1.5 గుంటకి టీ7, 2.0 గుంటకి టీ9 లేదా టీ10, 2.5 గుంటకి టీ15. నక్షత్రం మొనలు అరిగిన గోడల్లోకి కోసుకుని దిగుతాయి. 1.5 గుంటకైతే 1/16 ఇంచు హెక్స్ కూడా పనికొస్తుంది, అది 1.59 ఎంఎం కాబట్టి కొడితే బిగుతుగా దిగుతుంది. దీనికి పాత బిట్ వాడండి, మంచి డ్రైవర్ వద్దు. తల బయటికి కనిపించే స్క్రూ అయితే కట్-ఆఫ్ డిస్క్‌తో తల మీద అడ్డంగా గాడి కోసి మామూలు స్క్రూడ్రైవర్‌తో తీయొచ్చు. అది కూడా కుదరకపోతే తలని డ్రిల్ చేసి తీసేయండి. తల ఊడగానే బిగింపు వదులైపోతుంది, భాగాన్ని పైకి లాగేసి మిగిలిన మొండాన్ని పట్టకారుతో తిప్పితే చాలాసార్లు వేళ్లతోనే వచ్చేస్తుంది.

తీసిన ఆ స్క్రూని మళ్లీ డబ్బాలో వేయకండి. అదొక్కటే కాదు, గుంట కొంచెం నొక్కుకున్నట్టు కనిపించిన ప్రతి స్క్రూనీ అక్కడికక్కడే పక్కన పెట్టి కొత్తది వేయండి, ఎందుకంటే అరిగిన గుంట కొత్త టిప్‌ని కూడా అరగదీస్తుంది. నేను ఎం3 లో మూడు నాలుగు పొడవులవి, పినియన్ గ్రబ్ స్క్రూలు ఒక డజను ఎప్పుడూ చిన్న డబ్బాలో ఉంచుకుంటాను. పినియన్ మార్చిన ప్రతిసారీ గ్రబ్ స్క్రూ కూడా కొత్తదే వేస్తాను, దానికి ముందు 1.5 టిప్‌ని భూతద్దం కింద ఒకసారి చూసుకుంటాను.